భూమధ్యరేఖ దగ్గర పరాన్నజీవి కందిరీగలు తక్కువా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు జిల్లా, పెన్నకి దగ్గర్లో వరి కయ్యలు, కొంచెం నిమ్మతోట. మా అక్కనిచ్చింది ఒంగోలు అవతల, నల్లరేగడిలో శనగ వేస్తారు. ఈ రెండు ఊళ్ళ మధ్య తిరిగేటప్పుడల్లా గెనిమల మీద పసుపు ప్లేట్లు పెట్టి చిన్న చిన్న కందిరీగలు పడుతుంటా, అది చూసి పక్క కయ్యల వాళ్ళూ, అగ్రికల్చర్ చదివే పిల్లలూ, మా బంధువులూ అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

పరాన్నజీవి కందిరీగ అంటే ఏంది? కుట్టేదేనా?

చూరు కింద గూడు పెట్టి, చెయ్యి తగిలితే ముఖం వాచేలా కుడుతుందే, అది కాదు. ఇవి వేరే. చానా వరకు మనిషి జోలికే రావు. ఇవి ఇంకో పురుగు మీదో, పురుగు లోపలో, లేదా దాని గుడ్డులోనో గుడ్డు పెడతాయి, ఆ పిల్ల ఆ పురుగును తినే పెరుగుతుంది, చివరికి పురుగు చస్తుంది. వ్యవసాయం ఆఫీసుల్లో వీటినే బదనికలు అంటారు. తినబడే పురుగుని పుస్తకాల్లో అతిథేయి అని రాస్తారు, నేను ఇక్కడ ఆసరా పురుగు అంటా.

మా అక్కవాళ్ళ శనగచేలో ఒకసారి దగ్గరగా చూశా. డిసెంబర్ పొద్దున, మంచు ఇంకా ఆరలేదు, శనగాకు పులుపు వేళ్ళకి అంటుతోంది. ఒక ఆకు మీద బియ్యపుగింజంత గూడు, బూడిద రంగు, మీద నల్లటి మచ్చలు. దాని పక్కనే శనగపచ్చ పురుగు తోలు, ఇంకా చిన్న సైజులోనే చచ్చిపోయి ఖాళీ సంచిలాగా ముడుచుకుపోయి ఉంది. ఆ పురుగు బతికుంటే ఇంకో వారంలో కాయల్లోకి తల దూర్చేది. గూడు పెట్టింది క్యాంపొలెటిస్ క్లోరిడే అనే కందిరీగ. పచ్చపురుగు పసిదిగా ఉన్నప్పుడే సూదితో లోపల గుడ్డు పెట్టేస్తుంది. మా బావ అప్పటిదాకా ఆ గూళ్ళని కూడా పురుగు గుడ్లే అనుకుని నలిపేసేవాడు.

భ్రమర కీటక న్యాయం అంటారే, అది ఇదేనా?

దాదాపు అదే. తుమ్మెద ఒక పురుగును మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంటే ఆ పురుగే తుమ్మెద అయిపోతుందని మన పెద్దలు చెప్పారు. గోడ మీద మట్టిగూడు కట్టే కందిరీగ పచ్చపురుగుల్ని కుట్టి కదలకుండా చేసి గూట్లో పెడుతుంది, అక్కడిదాకా చూసింది కరెక్టే. కాకపోతే బయటికొచ్చేది ఆ పురుగు కాదు, దాన్ని తిని పెరిగిన కందిరీగ పిల్ల. గూడు కట్టే ఈ రకం లెక్కప్రకారం వేటాడేదే గానీ పరాన్నజీవి కాదు, కథ మాత్రం ఒకే దారి. ఇదే సంగతి డార్విన్‌ని కూడా వదల్లేదు. దయగల దేవుడు కావాలని ఇట్టాంటి కందిరీగల్ని బతికున్న పురుగుల్ని లోపల్నుంచి తినమని పుట్టించాడంటే మనసు ఒప్పుకోవడం లేదని 1860లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆయన ఉత్తరంలో పేరు పెట్టి చెప్పిన కుటుంబం ఇక్న్యూమొనిడే, ఈ పేజీలో ఎక్కువ మాట్లాడేది కూడా దాని గురించే.

అక్షాంశానికీ వీటికీ ఏంది సంబంధం?

భూమధ్యరేఖ సున్నా డిగ్రీలు, నెల్లూరు 14.4, ఒంగోలు 15.5, లండన్ 51.5 డిగ్రీలు ఉత్తరం. మామూలుగా సున్నాకి దగ్గరయ్యే కొద్దీ జీవజాతులు పెరుగుతాయి, చెట్లు అంతే, పక్షులు అంతే, సీతాకోకచిలుకలు, చీమలు అన్నీ అంతే. ధృవాల వైపు పోయేకొద్దీ తగ్గుతాయి. కాబట్టి పురుగులు ఎక్కువ ఉన్నచోట పురుగుల్ని తినే కందిరీగలు కూడా ఎక్కువ రకాలు ఉండాలి గదా అని ఎవరైనా అనుకుంటారు. ఇక్న్యూమొనిడ్ల (ఇక్న్యూమొనిడే కుటుంబపు కందిరీగల) దగ్గర ఆ లెక్క కుదరలేదు. చలి దేశాల్లోనే ఎక్కువో, కనీసం సమానమో అన్నట్టు కనిపించాయి. యాభై ఏళ్ళుగా దీని మీద వాదన నడుస్తోంది.

ఎవరు చెప్పారు? ఎట్టా లెక్కపెట్టారు?

ముందు వల గురించి చెప్పాలి. స్వీడన్ ఆయన, రెనె మలేజ్ అని, బర్మాలో పురుగులు పడుతూ తిరిగేటప్పుడు తన గుడారంలోకి దూరిన పురుగులన్నీ పైకెక్కి మూలలో చేరడం గమనించాడు, పైన ఆ మూలకి ఒక సీసా తగిలిస్తే సరిపోద్ది గదా అనుకుని గుడారం లాంటి వల తయారు చేసి 1937లో దాని గురించి రాశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే మలేజ్ ట్రాప్. కందిరీగ అడ్డు తగిలితే పైకి వెలుగు వైపే పోతుంది, ఆ గుణం మీదే అది పనిచేస్తుంది. మన వాళ్ళకి చెప్పాలంటే, నాలుగు గోడల్లేని దోమతెర ఒకటి, నడుమ అడ్డంగా ఒక పరదా, పైన కొసన స్పిరిట్ సీసా.

డెనిస్ ఓవెన్, జెన్నిఫర్ ఓవెన్ అనే భార్యాభర్తలు ఉగాండాలో, సియెర్రా లియోన్‌లో పనిచేసి ఇంగ్లండ్‌కి తిరిగొచ్చి లెస్టర్ ఊళ్ళో తమ ఇంటి తోటలో అదే రకం వల పెట్టారు. మామూలు ఇంటి తోట, గులాబీలు, కూరగాయలు, గడ్డి. అందులో 500కి పైగా ఇక్న్యూమొనిడ్ జాతులు పడ్డాయి. ఆఫ్రికాలో భూమధ్యరేఖ పక్కన పెట్టిన వలల్లో అంతకంటే గొప్పగా ఏమీ పడలేదు. 1974లో ఇద్దరూ కలిసి దాన్ని నేచర్ పత్రికలో రాశారు. జెన్నిఫర్ గారు ఆ తోటని 30 ఏళ్ళు వదలకుండా చూశారు, మొక్కలూ జంతువులూ అన్నీ కలిపి 2,673 జాతులు నమోదు చేశారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ పెరట్లోకి పోతే నా నడక మారిపోయింది.

తర్వాత 1981లో డేనియల్ జాన్జెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉత్తర అమెరికా లెక్కలు తీసి, అక్కడ ఇక్న్యూమొనిడ్ జాతులు ఎక్కువగా ఉండేది 38 నుంచి 42 డిగ్రీల మధ్య అని, అక్కడి నుంచి దక్షిణానికి దిగేకొద్దీ తగ్గుతాయని చూపించాడు. అప్పటినుంచీ ఇది పాఠం అయిపోయింది, "అన్ని జీవులూ ఒక దారి, ఇక్న్యూమొనిడ్లు ఇంకో దారి" అని.

ఎందుకట్టా? వేడి ఎక్కువని చస్తాయా?

వేడి ఒక కారణమే. రోహిణీకార్తెలో మన దగ్గర ఎండ తెలుసు గదా, పల్చటి నడుము, సన్నటి ఒళ్ళు ఉన్న జీవికి ఒంట్లో నీరు నిలవదు, నీడా తడీ లేకపోతే కష్టం. కానీ శాస్త్రవేత్తలు ఎక్కువ పట్టించుకున్నవి వేరే మూడు.

మొదటిది ఆసరా పురుగులు చెదిరిపోవడం. చలి దేశపు అడవిలో నాలుగైదు రకాల చెట్లే ఉంటాయి, వాటి మీద కొన్ని రకాల పురుగులే, కానీ ఒక్కో రకం కుప్పలు కుప్పలుగా. మన వైపు అడవి ఎట్టా ఉంటుంది? మార్కాపురం దాటి నల్లమల లోకి పోతే ఒక చెట్టు పక్కన అదే చెట్టు కనపడదు. పురుగుల రకాలు ఎక్కువ, ఒక్కో రకం మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. ఒకే రకం పురుగు మీద ఆధారపడే కందిరీగ దాన్ని వెతుక్కోవాలి. ఒకే ఊళ్ళో 50 గడపలకి శుభలేఖలు పంచాలంటే ఒక పూట పని, అదే 50 ఊళ్ళల్లో ఊరికో గడప అంటే మోటార్ సైకిల్ ఉన్నా వారం పడుతుంది. కందిరీగకి ఉన్న ఆయుష్షే కొన్ని వారాలు, అందులో ఇట్టా తిరగాలంటే ఆ బతుకు నిలవదు. జాన్జెన్ గట్టిగా చెప్పిన కారణం ఇదే, నాకూ దీంట్లో బలం ఉందనిపిస్తుంది.

రెండోది విషం. వేడి దేశాల చెట్ల ఆకుల్లో చేదు, పాలు, విషాలు ఎక్కువ. జిల్లేడు ఆకు తిని బతికే పురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది చూడండి, అట్టాంటి పురుగు లోపల ఇంకో పిల్ల పెరగాలంటే ఆ విషాన్ని అది కూడా తట్టుకోవాలి. ఇయాన్ గాల్డ్, కెవిన్ గాస్టన్, జాన్జెన్ ముగ్గురూ 1992లో ఈ మాట ముందుపెట్టారు.

మూడోది చీమలు, పక్షులు. వేడి ప్రాంతాల్లో పురుగుని తినేవాళ్ళు ఎక్కువ. కందిరీగ గుడ్డు పెట్టిన పురుగుని చీమ ఎత్తుకుపోతే లోపల పిల్ల కూడా పోయినట్టే. పురుగుని వెంటనే చంపకుండా రోజుల తరబడి బతకనిచ్చి లోపల పెరిగే కందిరీగలకి ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. కుట్టీ కుట్టగానే పురుగుని పడగొట్టి, కాండంలోనో ఆకు చుట్టలోనో దాక్కున్న పురుగునే ఎంచుకునే రకాలకి తక్కువ.

అయితే అన్ని పరాన్నజీవి కందిరీగలూ ఇంతేనా?

కాదు, ఇక్కడే చానామంది పొరబడతారు. ఇక్న్యూమొనిడే ఒక్క కుటుంబం మాత్రమే, అందులో కూడా అన్నీ ఒక దారిలో లేవు.

ఇక్న్యూమొనిడ్లలో కొన్ని గుంపులు రంపపు ఈగల మీద బతుకుతాయి. ఆ రంపపు ఈగలే చలి దేశాల జీవులు, మన దగ్గర రకాలు తక్కువ. ఆవ మొక్కల మీద ఒకటి వస్తుంది, అంతకుమించి మామూలు రైతు చూసి ఉండడు. ఆసరా పురుగే ఉత్తరాన ఉంటే కందిరీగ దక్షిణానికి ఎందుకొస్తుంది? పేనుబంక సంగతీ అంతే, పేనుబంక రకాలు చలి ప్రాంతాల్లోనే ఎక్కువ, దాని బదనికలూ అక్కడే ఎక్కువ.

ఇంక ఇటు వైపు చూడండి. వానాకాలం రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గరికి నారింజ రంగులో, సన్నగా, పొడుగ్గా, కొడవలిలాగా వంగిన పొట్టతో ఒకటి వస్తుంది చూశారా? అది కూడా ఇక్న్యూమొనిడే, వాటిల్లో ఎనికోస్పైలస్ అనే గుంపు ఉంది, వందల జాతులు, ఎక్కువ భాగం వేడి దేశాల్లోనే.

వంటింటి కిటికీ మీద నల్లగా, చిన్న పొట్టని జెండా ఊపినట్టు కిందికీ పైకీ ఆడిస్తూ తిరిగే కందిరీగ ఉంటుంది, మా అమ్మ ఎప్పుడు కనపడ్డా చీపురు తీసేది. అది బొద్దింక గుడ్ల తిత్తిలో గుడ్డు పెట్టి ఆ గుడ్లన్నీ తినేసే ఎవానియా, మనల్ని కుట్టదు. ఆ కుటుంబం కూడా ఎక్కువగా ఉష్ణ ప్రాంతాలదే. ఇప్పుడు మా ఇంట్లో దాన్ని ఎవరూ కొట్టరు.

అన్నిటికంటే తేటగా కనపడేది మేడిచెట్టు. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని చిన్నప్పటినుంచీ వింటున్నాం, ఆ పురుగులు కందిరీగలే. ఒకటి పువ్వుల్లో పుప్పొడి చేర్చేది, ఇంకొన్ని పండు బయట నుంచే పొడవాటి సూది దింపి లోపల గుడ్లు పెట్టేవి, వాటిల్లో కొన్ని మొదటిదాని పిల్లల కడుపు కొట్టేవి. కాయ పచ్చిగా ఉన్నప్పుడు కొమ్మ కింద నిలబడి పది నిమిషాలు ఓపిక పడితే, కాయ మీద వెంట్రుక లాంటి సూది నిటారుగా దించి కదలకుండా నిలబడ్డ కందిరీగ కనపడుతుంది. మర్రి, రావి, మేడి, జువ్వి జాతులన్నీ దాదాపు వేడి దేశాలవే, కాబట్టి వాటి కందిరీగలు కూడా ఇటే ఎక్కువ. లెస్టర్ తోటలో ఎన్నేళ్ళు వల పెట్టినా ఈ కూటమి పడదు.

అంటే ఆ పాత లెక్క తప్పా?

తప్పు అనను, సగం అంటాను. పట్టినవాళ్ళు పట్టినచోట పట్టారు. ఈ కందిరీగలకి పేర్లు పెట్టినవాళ్ళలో ఎక్కువమంది యూరప్, ఉత్తర అమెరికా వాళ్ళు, రెండొందల ఏళ్ళకి పైగా వాళ్ళ తోటలూ అడవులూ గాలించారు. ఇక్న్యూమొనిడ్లలో ఇప్పటిదాకా పేరు పెట్టినవే 25 వేల దాకా ఉన్నాయి, పెట్టాల్సినవి ఇంకా చానా. వేడి దేశాల్లో ఒక వల కొన్ని నెలలు పెట్టి తీసేసి, "ఇక్కడ తక్కువ" అంటే ఎట్టా కుదురుతుంది? రకాలు ఎక్కువ ఉండి ఒక్కోటి అరుదుగా ఉండేచోట అన్నిటినీ చూడాలంటే ఎక్కువ కాలం, ఎక్కువ వలలు కావాలి.

అట్టా వెతికినచోట ఏం జరిగిందో చూడండి. పెరూ అమెజాన్‌లో ఇకిటోస్ దగ్గరి అడవిలో వరసగా వలలు పెట్టి పింప్లినే, రైసినే అనే రెండు ఉపకుటుంబాల్లోనే 88 జాతులు తీశారు, 2004లో ఆ లెక్క వచ్చింది. కోస్టారికాలో గ్వానకాస్తె అడవుల్లో జాన్జెన్ బృందం గొంగళిపురుగుల్ని తెచ్చి సంచుల్లో పెంచి, వాటిల్లోంచి వచ్చిన మైక్రోగాస్టర్ గుంపు కందిరీగల్ని డీఎన్ఏతో పోల్చింది. కంటితో చూసి 171 రకాలు అనుకున్నవి డీఎన్ఏ చూసేసరికి 313 అయ్యాయి, 2008లో ఇది బయటికొచ్చింది. ఒకే రకం అనుకున్నవి, చూడ్డానికి కవలల్లాగా ఉన్నవి, ఒక్కోటి ఒక్కో పురుగునే ఎంచుకునే వేర్వేరు జాతులు. ఎక్కడో 38 డిగ్రీల దగ్గర గీసిన గీత దీని ముందు ఎంతవరకు నిలుస్తుంది? డొనాల్డ్ క్విక్ అనే కందిరీగల నిపుణుడు 2012లో సూటిగా రాశాడు, వీటి విస్తరణ గురించి మన చేతిలో ఉన్న సమాచారం అక్షాంశాల గురించి తీర్పు చెప్పడానికి సరిపోదని.

మన దేశంలో ఈ పని చేసినవాళ్ళు లేకపోలేదు. కాలికట్ యూనివర్సిటీలో టి.సి. నరేంద్రన్ గారు చాల్సిడ్లు అనే బుల్లి కందిరీగల మీద జీవితమంతా పనిచేసి వందల కొత్త జాతులకి పేర్లు పెట్టారు. కేరళ నుంచి అన్ని కొత్తవి వచ్చాయంటే ఆ నేల ఒక్కటే ప్రత్యేకమని కాదు, అక్కడ కూర్చుని చూసిన మనిషి ఉన్నాడు. మన వెలిగొండలు, ఉదయగిరి కొండలు, సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు, నల్లమల అంచు, వీటన్నిటికీ అట్టాంటి మనిషి కావాలి. నా కోరిక అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

రైతుకి దీంతో ఏంది లాభం?

వరిలో కాండం తొలిచే పురుగు గుడ్ల ముద్ద ఆకు కొసన పెట్టి గోధుమరంగు నూగు కప్పుతుంది. నాటేముందు నారు కొసలు తుంచేస్తాం గదా, ఆ కొసల్ని పారేయకుండా ఒక గాజు సీసాలో వేసి పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. కొన్నిట్లోంచి నల్ల తల పిల్లపురుగులు వస్తాయి, కొన్నిట్లోంచి చీమ కంటే చిన్న కందిరీగలు వస్తాయి. టెట్రాస్టికస్, టెలినోమస్, ట్రైకోగ్రామా, ఈ మూడు గుంపులవి. మొదటిసారి మా కయ్య నారు కొసల్లోంచి అవి గుడ్డ కిందికి ఎగబాకుతుంటే, మా పెదనాయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాడు. పురుగుల్ని చంపి కందిరీగల్ని కయ్యలోకి వదిలాం.

కొనుక్కునే ట్రైకోకార్డులు కూడా ఈ ట్రైకోగ్రామావే, కార్డు మీద వేల గుడ్లు, ప్రతి గుడ్డులో కందిరీగ పిల్ల. వరి కాండం తొలిచే పురుగుకి జపోనికమ్, ఆకుముడతకి కైలోనిస్ అని రకం చూసి తీసుకోవాలి. కార్డు కట్టిన వారంలో మందు కొడితే డబ్బులు నీళ్ళల్లో పోసినట్టే.

అక్షాంశం సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. బొప్పాయి పిండినల్లి మన దేశంలో 2008లో కోయంబత్తూరులో మొదట కనపడింది, తర్వాత తోటలకి తోటలే తెల్లబడిపోయాయి. ఎసిరోఫేగస్ పపాయే అనే కందిరీగని 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు, పిండినల్లి అదుపులోకి వచ్చింది. ప్యూర్టోరికో 18 డిగ్రీలు ఉత్తరం, మన వేడికి దగ్గర వేడి. ఆ పురుగు పుట్టిన వైపు, అదే రకం ఎండ ఉన్నచోట వెతికితేనే దాని శత్రువు దొరుకుతుంది, దొరికింది ఇక్కడ బతుకుతుంది.

నా తప్పు ఒకటి చెప్తా. ఒక ఏడాది నిమ్మలో ఆకు లోపల పాము గీతల్లాగా సొరంగం చేసే పురుగు కనపడగానే, షాపులో ఏ మందు ఇస్తే అది తెచ్చి రెండుసార్లు గట్టిగా కొట్టించా. తర్వాత వచ్చిన లేత ఆకు మొత్తం గీతలే. ఆ సొరంగాల్లోకే దూరి పురుగుని తినే బుల్లి కందిరీగలు నా మందుకి ముందు పోయాయి. అప్పటినుంచీ లేత ఆకుని వెలుగుకి ఎత్తి చూసి, సొరంగంలో పురుగు బతికుందా, దాని పక్కన ఇంకో పిల్ల ఉందా అని చూసిన తర్వాతే నిర్ణయం.

మన దగ్గర ఎప్పుడు చూస్తే ఎక్కువ కనపడతాయి?

ఉత్తరాదిలో జూన్ వానలు, మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్. నా ప్లేట్లు నిండేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. మే నెలలో తుమ్మచెట్ల నీడలోనూ, కాలవ గట్ల తడిలోనూ తప్ప పెద్దగా పడవు. ఉగాండా వల, లెస్టర్ వల పోల్చేటప్పుడు ఈ రుతువుల సంగతి మర్చిపోకూడదు, ఒక్క నెల చూసి ఒక్క ఏడాదికి లెక్క కట్టకూడదు.

నేను కూడా పట్టాలంటే ఎట్టా?

పసుపు రంగు ప్లాస్టిక్ ప్లేట్లు, లోతు ఉన్నవి, పది కొనండి. పొద్దున్నే గెనిమ మీదో, పొద కిందో నేల మట్టానికి పెట్టి సగం నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, కొంచెం ఉప్పు వేయండి. సబ్బు వల్ల నీటి మీద వాలిన పురుగు మునుగుతుంది, ఉప్పు వల్ల తొందరగా కుళ్ళదు. కుక్కలూ కొంగలూ తిరగని చోటు చూసుకోండి. సాయంత్రం టీ వడకట్టే జల్లెడలో పోసి, మంచినీళ్ళతో కడిగి, మెత్తటి కుంచెతో ఎత్తి మూత గట్టి సీసాలో స్పిరిట్‌లో వేయండి. తేనెటీగలు ఎక్కువ పడుతుంటే ప్లేటు చోటు మార్చండి, పూలకి దూరంగా జరపండి.

ఆకు మీద గూడో, కదలని పురుగో దొరికితే ప్లేటు కంటే అదే విలువైంది, ఎందుకంటే ఏ కందిరీగ ఏ పురుగులోంచి వచ్చిందో దానితోనే తెలుస్తుంది. డబ్బాలో ఆకుతో సహా పెట్టి, మూతకి గుడ్డ కట్టి, రోజూ చూడండి. సీసాలో తప్పకుండా కాగితం ముక్క వేయాలి, పెన్సిల్‌తో రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం, తేదీ, ఏ మొక్క, ఏ పురుగు, వల ఎన్ని గంటలు ఉంది. కాగితం లేని సీసాని ఏ నిపుణుడికి చూపించినా పేరు చెప్తాడేమో గానీ అది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. పంట పురుగుల మీద వచ్చినవైతే బెంగళూరులో కేంద్ర ప్రభుత్వానిదే వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ ఒకటి ఉంది, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే అక్కడికి ఎట్టా పంపాలో చెప్తారు.